పిన్ని కరిగించిన కొవ్వు

మా పిన్నికి మనుషులు కనిపించరు, నడుములు కనిపిస్తాయి. దారిలో ఎవరైనా ఎదురైతే ముఖం కంటే ముందు పొట్ట మీద చూపు పడుతుంది. అక్కడ ఒక చుట్టు తిరిగి, తీరిగ్గా పైకి వస్తుంది. అప్పటికే ఎదుటి మనిషి ఎంత తగ్గాలో ఆవిడ తేల్చేసి ఉంటుంది. "బాగున్నారా?" అని అడిగే గొంతులోనే "ఏం బాగుంటారులే పాపం" అన్న జాలి వినిపిస్తుంది. ఆ జాలి మీదే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ పొయ్యి మీద ఉడికేది మాత్రం చాలా తక్కువ.

ఇంటి ముందుగదే ఆవిడ పార్లర్. గుమ్మం పైన గులాబీరంగు బోర్డు మీద "నాజూకు" అని రాసి ఉంటుంది. అందుకని వీధిలో అందరూ ఆవిణ్ణి నాజూకు మేడమ్ అంటారు. ఎదురుగా గౌరవంగా, వెనకాల నవ్వుతూ. లోపల రెక్సిన్ పరచిన బల్ల, పట్టీ నడుముకు తగిలించుకుని నిలబడితే పళ్ళు టకటకలాడేటట్టు ఊపేసే యంత్రం, కరెంటుతో వేడెక్కే దుప్పటి, నూనె సీసాలు, మూలన బరువు చూసే యంత్రం ఉంటాయి. చదువు మధ్యలో ఆగిపోయి నేను పిన్ని ఇంటికి వచ్చినప్పటి నుంచి తువ్వాళ్ళు ఉతకడం, నూనె వెచ్చచేయడం, చెమట పట్టిన బల్ల తుడవడం నా పని.

ఆ గదిలో అన్నిటికంటే విలువైనది గోడకున్న పటం. ఎక్కడో బడి మూతపడి సామాన్లు అమ్ముతుంటే పిన్ని తెచ్చుకుంది. మనిషి చర్మాన్ని కేకు ముక్కలా కోసి చూపించిన బొమ్మ అది. పైన గోధుమరంగులో సన్నటి గీతలాంటి పొర. దాని కింద గులాబీరంగులో మందమైన పొర, అందులో ఎర్రదారాలు, నీలందారాలు, ఉల్లిగడ్డల్లాంటి వెంట్రుకల కుదుళ్ళు. అన్నిటికీ కింద పసుపుపచ్చగా, మొక్కజొన్న గింజలు దగ్గర దగ్గరగా పేర్చినట్టు ఒక పొర.

కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆ పటం ముందు నిలబెట్టి, చెక్క స్కేలు చేత్తో పట్టుకుని పిన్ని పాఠం చెప్పేది.

"ఇది పైపొర అండీ. కాగితమంత ఉంటుంది. మనం సబ్బు రాసేదీ పౌడరు రాసేదీ దీనికే. పాతది రాలిపోతుంటుంది, కింద నుంచి కొత్తది వస్తుంటుంది. దీంతో మనకు పేచీ లేదు. ఇది లోపలి పొర. చెమట పుట్టేది ఇక్కడ, నెత్తురు తిరిగేది ఇక్కడ, గిచ్చితే నొప్పి తెలిసేది ఇక్కడ. ఇదీ మంచిదే. ఇక ఇది ఉంది చూశారూ..." అని పసుపు పొర మీద స్కేలుతో ఫట్మని కొట్టేది. "ఇదీ దొంగ. మీ ఇంట్లోనే కాపురం. అద్దె ఇవ్వదు, ఖాళీ చెయ్యదు. దీన్ని బయటికి గెంటడమే మన పని."

ఆ మాటల్లో అబద్ధం ఎక్కువ లేదు. కాకపోతే ఆ మూడో పొర అసలు ఎందుకుందో ఆవిడ ఏనాడూ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు. దొంగను గెంటించుకోవడానికి వచ్చినవాళ్ళు దొంగ మంచితనం గురించి ఎందుకు అడుగుతారు?

దొంగను గెంటే పద్ధతి కూడా చూసేవాళ్ళకు తెలిసిపోయేదే. వచ్చిన మనిషిని ముందు ఊపిరి వదలమని టేపు చుట్టేది. తరవాత వేడి దుప్పటి కప్పి చెమటతో ముద్దయ్యేదాకా పడుకోబెట్టేది. లేచాక "గట్టిగా ఊపిరి పీల్చి పొట్ట లోపలికి పట్టండి" అని మళ్ళీ టేపు చుట్టేది. ఆ చెమటంతా నేను పిండే తువ్వాళ్ళలో ఉండేది. వాళ్ళు మాత్రం కొవ్వు కరిగిందనుకుని, ఇంటికెళ్ళి చెంబెడు నీళ్ళు తాగి, మళ్ళీ ఎప్పటిలా తయారయ్యేవాళ్ళు. తగ్గకపోతే తప్పు వాళ్ళదే. "ఇంటికెళ్ళి ఏం తిన్నారు, నిజం చెప్పండి" అని పిన్ని నిలదీస్తే, తినని మనిషి కూడా తలదించుకునేది.

పిన్ని ఒకప్పుడు బొద్దుగా ఉండేదట. మా అమ్మ చెప్పింది. పెళ్ళిచూపులకొచ్చిన కాబోయే అత్తగారు పైనుంచి కిందికి చూసి, "పిల్ల లక్షణంగా ఉంది. మా గుమ్మమే కాస్త వెడల్పు చేయించాలి" అందట. అందరూ నవ్వారట. ఆ మాట అన్నావిడే పిన్నికి రెండింతలు ఉండేది, నవ్వినవాళ్ళు అందుకే ఎక్కువ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. ఆ తరవాత తిండి మానేసి, బుగ్గలు పీక్కుపోయి, మెడ ఎముకలు బయటికొచ్చి, గుమ్మంలోంచి అడ్డంగా కూడా దూరగలిగేటట్టు తయారైంది. పాపం అనుకోవాలని నాకూ అనిపిస్తుంది. కానీ ఒక్కరు వేసిన జోకుకు వీధి వీధినంతా కడుపు మాడ్చిన మనిషిని ఎంతసేపు పాపం అనుకోగలం?

ఆ అత్తగారిని నేను బామ్మ అంటాను. బామ్మకు తన ఒళ్ళంటే సిగ్గు లేదు. పొద్దున్నే వరండాలో చేతుల కుర్చీ నిండా కూర్చుని, రొట్టెకు వెన్న మందంగా పూసుకుని తినేది. పార్లర్‌కు వచ్చేవాళ్ళను పలకరించేది.

"వెళ్ళమ్మా వెళ్ళు. లోపల మా కోడలు తగ్గిస్తుంది. వచ్చేటప్పుడు ఇక్కడ కూర్చో, నేను పెంచి పంపిస్తా."

సన్నబడే దుకాణం ముందు ఇంత లావు మనిషి కూర్చుంటే వ్యాపారం ఏం కావాలని పిన్ని పళ్ళు నూరేది. కుర్చీని పెరట్లోకి మార్పించాలని ఎన్నోసార్లు చూసింది. "పెరట్లో ఎవరున్నారే నాతో మాట్లాడటానికి, బట్టలారేసే తీగా?" అని బామ్మ కదలలేదు.

బామ్మను కదిలించింది స్నానాల గది. తడి గచ్చు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేశారు గాని ఆవిడ మళ్ళీ నిలబడలేదు. పార్లర్ వెనక గదిలో మంచం వేశారు. రెండు గదులకూ మధ్య ఉన్నది ఒక కర్టెన్. ఆ రోజు నుంచి బామ్మ పళ్ళెం పిన్ని చేతికి వచ్చింది.

"లేపి కూర్చోబెట్టాలన్నా, ఒళ్ళు తుడవాలన్నా ఇంత బరువుతో నావల్ల కాదు. ముందు తగ్గాలి" అంది పిన్ని.

మా బాబాయి పేపరు చదువుతున్నాడు. తల ఎత్తకుండానే, "నీకు తెలుసుగా, నువ్వు చూసుకో" అన్నాడు. ఆయన కాపురమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. దాన్ని మంచితనం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. పిన్ని కూడా అదే అనుకునేది.

మొదటి రోజు గిన్నెడు వేడినీళ్ళలాంటిది తీసుకెళ్ళి పిన్ని మంచం పక్కన కూర్చుంది.

"ఏమే, ఇది గిన్నె కడిగిన నీళ్ళా?" అంది బామ్మ.

"సూపు అత్తయ్యా."

"దీంట్లో ఏం మునిగి చచ్చింది?"

"క్యారెట్."

"ఆనవాలు కూడా దొరకలేదు పాపం. రొట్టె ఏదీ?"

"రాత్రికి సగం ముక్క ఇస్తాను."

"ఆ సగం ఇప్పుడివ్వు. రాత్రికి మిగతా సగం అడగను, నువ్వే తిను. నీకూ ఆకలేస్తుంటుందిగా, ఎప్పుడూ చెప్పవు గాని."

పిన్ని స్పూను గిన్నెలో వేసి లేచి వచ్చేసింది.

కొన్నాళ్ళు కర్టెన్ వెనక నుంచి పార్లర్‌లోకి బామ్మ గొంతు వినిపించేది. పిన్ని పటం ముందు నిలబడి "ఇదీ దొంగ" అనగానే, "ఆ దొంగను ఇటు పంపించవే, నాకు తోడుంటాడు" అని అటునుంచి వచ్చేది. బల్ల మీద పడుకున్నవాళ్ళు వేడి దుప్పటిలోనే కిసుక్కుమనేవాళ్ళు. పిండిమర నడిపే ఒకావిడ ఉండేది, చేతులూ జుట్టూ ఎప్పుడూ పిండితో తెల్లగా ఉండేవి. నవ్వు ఆపుకోలేక ఆమె ఒకసారి యంత్రం పట్టీలోంచి జారి కూలబడింది.

మెల్లగా ఆ గొంతు తగ్గింది. తరవాత ఆగిపోయింది. పిన్నికి అదో విజయం.

బామ్మ నిజంగానే తగ్గింది. పిన్ని పార్లర్ పెట్టిన ఇన్నేళ్ళలో నిజంగా తగ్గిన మనిషి ఆవిడొక్కతే. కారణం యంత్రం కాదు, నూనె కాదు, తిండి పెట్టకపోవడం. జబ్బల చర్మం ఎవరిదో చొక్కా అరువు తెచ్చుకుని తొడుక్కున్నట్టు వేలాడింది. బయట ఎండ మండిపోతుంటే బామ్మ "చలేస్తోందే, ఇంకో దుప్పటి కప్పండే" అనేది. లోపల వెచ్చగా ఉంచే పొర పోతే చలి కాక ఏమేస్తుంది? పిన్ని మాత్రం "వయసు" అంది. అని ఊరుకోకుండా, పార్లర్‌లోని కరెంటు దుప్పటి తెచ్చి బామ్మ వీపు కింద పరిచింది. "చలి తగ్గుతుంది, తుంటి దగ్గర మిగిలింది కూడా కరుగుతుంది" అని ఆవిడ ఆలోచన. అలాంటి ఆలోచన ఆవిడకు తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ రాదు.

"అత్తగారి ఒళ్ళు నేనే చూసుకుంటాను, ఇంకెవరినీ ముట్టుకోనివ్వను" అని పిన్ని అందరితో గొప్పగా చెప్పేది. ముఖం, మెడ, చేతులు, కాళ్ళు రోజూ తడిగుడ్డతో తుడిచేది. చూసేవాళ్ళకు కనిపించేవన్నీ శుభ్రంగా ఉండేవి. తుంటి నొప్పి అంటుంది కదా అని పక్కకు మాత్రం తిప్పేది కాదు. బామ్మ వెల్లకిలా పడుకున్న చోటే పడుకుని ఉండేది. "నడుం కింద మంటగా ఉందే" అని బామ్మ అంటే నేను వెళ్ళి పిన్నికి చెప్పాను.

"కరుగుతున్నప్పుడు మంటగానే ఉంటుంది. మన కస్టమర్లు అనరూ?" అంది పిన్ని.

పైగా కస్టమర్లను కర్టెన్ వెనక్కి తీసుకెళ్ళి చూపించడం మొదలుపెట్టింది. బామ్మ జబ్బ చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని, బట్టల దుకాణంలో గుడ్డ చూపించినట్టు సాగదీసి, "చూడండి, ఇందులో ఎంత ఉండేదో! మంచం మీదున్న మనిషే ఇంత తగ్గితే, నడిచే కాళ్ళున్న మీకేం అడ్డమొచ్చింది?" అనేది. వాళ్ళు అబ్బురంగా తలలూపేవాళ్ళు. ఒక మనిషి ఆకలితో కళ్ళు మూసుకుని పడుకుని ఉంటే, చుట్టూ నిలబడి మెచ్చుకోవడానికి ఎంత పలచటి బుర్రలుండాలో నాకు అప్పుడే తెలిసింది.

పిండిమర ఆవిడ వచ్చినప్పుడు మాత్రం బామ్మ కళ్ళు తెరిచింది. "నన్ను చూడటానికి టిక్కెట్టెంత పెట్టిందమ్మా?" అని అడిగింది. పిండిమర ఆవిడ గబగబా బయటికి వచ్చేసింది.

ఇంతటి విజయాన్ని ఇంట్లోనే ఉంచుకోవడం పిన్నికి చేతకాలేదు. పాత ఫొటో ఒకటి వెతికి తీసింది. అందులో బామ్మ ఎవరి పెళ్ళిలోనో రెండు కుర్చీలు ఆక్రమించి కూర్చుని నవ్వుతోంది. దాని పక్కన ఇప్పటి ఫొటో పెట్టి, "అప్పుడు, ఇప్పుడు" అని పెద్ద అక్షరాలతో గుమ్మం దగ్గర తగిలించాలని పిన్ని పథకం. స్టూడియో ఆయన్ను పిలిపించింది. ఆయన కెమెరా పట్టుకుని వచ్చి, వెలుతురు చూసి, కిటికీ దగ్గర కుర్చీ వేయమన్నాడు. పిన్ని బామ్మకు తల దువ్వి, పౌడరు రాసి, పడుకున్నట్టే పైన కొత్త చీర కప్పింది.

"ఎక్కడికే తీసుకెళ్తున్నావు?" అంది బామ్మ.

"ఎక్కడికీ లేదు, కాసేపు కుర్చీలో కూర్చోండి. నవ్వండి చాలు."

"నవ్వేంత తిన్నానా నేను?"

లేపడానికి పిండిమర ఆవిణ్ణి సాయం పిలిచింది పిన్ని. చెరో పక్కనా చేతులు వేసి పైకెత్తారు. బామ్మ పైకి లేచింది. బామ్మతో పాటు కింద పరిచిన దుప్పటి కూడా లేచింది. బామ్మ నోట్లోంచి అరుపు కాని ఒక శబ్దం వచ్చింది.

"ఆగండి మేడమ్, ఆగండి! దుప్పటి అంటుకుపోయింది. లాగకండి!" అని పిండిమర ఆవిడ అరిచింది.

పక్కకు తిప్పి పడుకోబెట్టాం. నేను నీళ్ళు తడిపి తడిపి గుడ్డ వదిలించాను. నడుము దిగువన, ఎముక పైకి పొడుచుకొచ్చిన చోట గుంట పడి ఉంది. అంచులు నల్లగా ఉన్నాయి. పైపొర లేదు. గులాబీరంగు పొర లేదు. పసుపు పొర ఉండాల్సిన చోట బూడిదరంగులో ఏదో జారుగా ఉంది, అది కూడా పలచగా. ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకోకుండా అక్కడ నిలబడలేకపోయాం. రోజూ స్కేలుతో చూపించే మూడు పొరలూ లేకపోతే ఎలా ఉంటుందో పిన్ని ఆ రోజు కళ్ళారా చూసింది. చూసి అర్థం చేసుకుందని మాత్రం నేను రాయలేను. "ఇదేంటి, నిన్న లేదే?" అంది.

స్టూడియో ఆయన కెమెరాకు మూత పెట్టుకున్నాడు. "నేను మళ్ళీ వస్తానండి" అన్నాడు. మళ్ళీ రాలేదు.

ఆస్పత్రి నుంచి కట్లు మార్చడానికి ఒక నర్సు రావడం మొదలుపెట్టింది. మాటల మనిషి కాదు. చచ్చిన చర్మం కత్తిరించి, గుంటను మందునీళ్ళతో కడిగి, గాజుగుడ్డ మెత్తగా కూరి, చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"ఎముక దాకా ఇంకాస్తే ఉంది. అక్కడికి చేరిందంటే ఇంట్లో కట్టే కట్లు పనికిరావు. ఆస్పత్రిలో కోసి పూడ్చాలి, ఈవిడ ఒంట్లో అంత సత్తువ లేదు, బతకదు. రెండేసి గంటలకోసారి పక్క మార్చండి. ఆ కరెంటు దుప్పటి తీసి అవతల పారేయండి. తిండి పెట్టండి. గుడ్లు, పాలు, వెన్న."

"వెన్నా?" పిన్ని గొంతు కీచుగా వచ్చింది. "కొవ్వు పెరగదూ?"

"పెరగాలనే చెప్తున్నా. ఎముకకూ మంచానికీ మధ్య ఏమీ లేదు. మధ్యలో పడ్డ చర్మం నలిగి, నెత్తురందక చచ్చిపోయింది."

"కానీ కొవ్వంటే..."

"నర్సమ్మా," అని దిండు మీద నుంచి బామ్మ పిలిచింది. గొంతు చిన్నదైపోయింది గాని అందులో పదును పోలేదు. "మా కోడలికి బొమ్మ చూపించి చెప్పు, లేకపోతే ఎక్కదు. ఏమే, నేను చెప్తా విను. ఇది పైపొర, దీంతో మనకు పేచీ లేదు. ఇది లోపలి పొర, ఇదీ మంచిదే. మూడోది దొంగ. నా దొంగను నువ్వు గెంటేశావు. ఎక్కడున్నాడో వెతికి నాకు తెచ్చిపెట్టు."

పిన్ని తెచ్చిపెట్టింది. తన పద్ధతిలో తెచ్చిపెట్టింది. పాలు కాచి, మీగడ తీసేసి, అడుగు పాలు ఇచ్చింది. గుడ్డు ఉడికించి, పచ్చసొన తీసి అవతల పారేసి, తెల్లది ముక్కలు చేసి పెట్టింది. వెన్న కొన్నది గాని కత్తి మొనతో రొట్టెకు చూపించి తీసేసేది. ఒక మనిషి వెన్నులో గుంట చూసిన తరవాత కూడా ఆ చేతికి అలవాటు పోలేదు. అత్తగారు చచ్చిపోవాలని ఆవిడ కోరుకోలేదు. ఆ మాట నేను ఒట్టేసి చెప్పగలను. లావుగా బతకడం మాత్రం ఆవిడ సహించలేకపోయింది.

తరవాత కట్టు విప్పినప్పుడు నర్సు గుంట అంచులు చూసి మొహం చిట్లించింది.

"ఏం పెడుతున్నారు?"

"మీరు చెప్పినవే," అంది పిన్ని.

"తెల్లసొన నాకు, పచ్చసొన చెత్తబుట్టకు. మీగడ ఎవరికో మరి," అంది బామ్మ.

నర్సు పిన్నిని వదిలేసి బాబాయి వైపు తిరిగింది. "మీ అమ్మగారేనా? ఇలా అయితే ఇంకెన్నాళ్ళో నేను చెప్పలేను. మీరైనా చూసుకోండి."

బాబాయి పేపరు కాస్త కిందికి దించాడు. "అమ్మా, నిజమేనా?"

"నువ్వు చదువుకో నాయనా," అంది బామ్మ. "పేపర్లో వేయలేదా ఈ వార్త?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. బజారుకు వెళ్ళి గుడ్లూ వెన్నా మోసుకొచ్చాడు. తన చేత్తో రొట్టెకు వెన్న పూసి తల్లి నోట్లో పెట్టాడు. పెట్టి, వీధిలో కనిపించిన ప్రతి ఒక్కరితో "అమ్మకు నేనే తినిపిస్తున్నాను" అని చెప్పుకొచ్చాడు. జుట్టు నెరిసిన కొడుకు తల్లికి ఒక ముద్ద పెడితే దండోరా వేయించుకోవాలనుకున్నాడు. వారం తిరక్కుండానే ఆయనకు నడుంనొప్పి వచ్చింది. పేపరు మళ్ళీ విప్పాడు. కాకపోతే ఒక్క పని చేశాడు, దాన్ని కాదనలేను. వంటింట్లోంచి వెన్న గిన్నె తెచ్చి బామ్మ మంచం పక్కన బల్ల మీద పెట్టి, "ఇది ఇక్కడ్నుంచి కదలకూడదు" అన్నాడు పిన్నితో. పెళ్ళయ్యాక ఆయన పిన్నికి అడ్డం చెప్పిన మాట అదొక్కటే అనుకుంటాను.

అప్పటి నుంచి పిన్నికి తప్పలేదు. బామ్మ కళ్ళ ముందే వెన్న తీయాలి, బామ్మ కళ్ళ ముందే పూయాలి. మొహం పక్కకు తిప్పుకుని, మంటలో కిరసనాయిలు పోస్తున్నట్టు పూసేది.

"ఇంకొంచెం," అనేది బామ్మ.

"చాలు అత్తయ్యా, అరగదు."

"అరక్కపోతే నీకేం బాధే? కడుపు నాది. ఇంకొంచెం."

పార్లర్‌లో పాఠం సాఫీగా సాగడం మానేసింది. స్కేలు పసుపు పొర మీదికి వెళ్ళే వేళకు "పక్క మార్చే టైమైందే!" అని వెనక నుంచి పిలుపు. పిన్ని స్కేలు పడేసి పరిగెత్తాలి. వచ్చేవాళ్ళు కూడా పలచబడ్డారు. బామ్మ వీపు మీదిది షుగరు పుండు అని పిన్ని అందరికీ చెప్పి చూసింది. కానీ దుప్పటి ఎత్తినప్పుడు పిండిమర ఆవిడ అక్కడే ఉంది. పిండికోసం ఊళ్ళో సగం మంది ఆవిడ దగ్గరికే వెళ్తారు. ఒకరోజు పిన్ని ఆవిణ్ణి దారిలో ఆపి, "మధ్యలో మానేస్తే ఎలా అండీ, మళ్ళీ పెరిగిపోతారు" అంది.

"పెరగనివ్వండి మేడమ్," అంది పిండిమర ఆవిడ. "రేపు నేను మంచాన పడితే నా పరుపు నా దగ్గర ఉండొద్దూ?"

గుంట అడుగు నుంచి ఎర్రటి కండ గింజలు గింజలుగా పైకి రావడానికి చాలా కాలం పట్టింది. నర్సు కట్టు విప్పిన ప్రతిసారీ బామ్మ మా మొహాలు చూసేది. వీపు మీద ఏముందో ఆవిడకు మా మొహాల్లోనే కదా కనిపించాలి. నేను తలూపితే "అయితే ఇంకో గుడ్డు" అనేది. అంచులు ఒకదాని వైపు ఒకటి జరిగాయి. చలి అనడం మానేసింది. చివరికి ఒకరోజు నర్సు గాజుగుడ్డ కూరాల్సిన చోటు కనిపించక, వేలితో నెమ్మదిగా తడిమి చూసింది. గుంట ఉన్న చోట కొత్త చర్మం గులాబీరంగులో, ఉల్లిపొర మెరిసినట్టు మెరుస్తోంది.

"మూసుకుంది. ఎముక తప్పించుకుంది," అంది నర్సు. "కానీ ఇది మామూలు చర్మం కాదు, మచ్చ. కింద మెత్తదనం మునుపటిలా రాదు. పక్క మార్చడం ఆపారా, ఒళ్ళు మళ్ళీ తగ్గిందా, అన్నిటికంటే ముందు ఇదే చిరుగుతుంది. ఈవిడ ఉన్నన్నాళ్ళూ ఇంతే."

"అంటే ఇక వెన్న ఆపొచ్చా?" అని అడిగింది పిన్ని.

నర్సు ఆవిడ వైపు చూసింది. సంచి సర్దుకుని, చెప్పులు వేసుకుంటూ నాతో అంది. "నువ్వు చూసుకో అమ్మా."

ఆ రోజు మధ్యాహ్నం పక్క మార్చే వేళకు బాబాయి ఇంట్లో లేడు. నేను పెరట్లో తువ్వాళ్ళు ఆరేసి వచ్చేసరికి పిన్ని ఒక్కతే బామ్మ కింద చేతులు పెట్టి ఎత్తడానికి ప్రయత్నిస్తోంది. బామ్మ ఇప్పుడు దుప్పటిలా తేలిగ్గా లేదు. సగం లేపింది, పట్టు జారింది, బామ్మ మళ్ళీ మచ్చ మీదనే పడింది. పిన్ని మంచం పట్టెమీద కూలబడి ఆయాసపడింది. మెడ ఎముకల మధ్య గుంటలో చెమట నిలిచింది. నేను అందుకోబోతే బామ్మ చెయ్యి అడ్డంపెట్టి ఆపింది.

"ఏం తిన్నావే పొద్దున్నుంచి?" అంది పిన్నితో.

"నాకు ఆకలి లేదు."

"నీ ఆకలి సంగతి నాకెందుకు? నన్ను తిప్పే చేతులు నాకు కావాలి. అవి చూస్తే పుల్లల్లా ఉన్నాయి. ఇందులో సగం తీసుకో."

బల్ల మీద నా చేత్తో వెన్న పూసి పెట్టిన రొట్టె ఉంది. పిన్ని సగం తుంచి, కత్తి తీసుకుని, వెన్నంతా గీకి పళ్ళెం అంచుకు రాసి, వట్టి రొట్టె నోట్లో పెట్టుకుంది.

"గీకింది కూడా," అంది బామ్మ.

"అత్తయ్యా..."

"నా వీపు మళ్ళీ చిరిగితే ఎవరి పేరు చెప్తారే వీధిలో? తిను."

పిన్ని పళ్ళెం అంచు నుంచి వెన్న వేలితో తీసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, చేదుమందు మింగినట్టు మింగింది. వేలు ఇంకోసారి పళ్ళెం దగ్గరికి వెళ్ళింది, ఈసారి ఎవరూ చెప్పకుండానే. ఆ తరవాత లేచి, చేతులు బామ్మ నడుం కిందికి పోనిచ్చి, నన్ను భుజాల దగ్గర పట్టమని కళ్ళతో చెప్పి, ఎడమ పక్కకు తిప్పింది.